జేబులు తడిమే పని

ఉతకడానికి వచ్చిన బట్ట ఎవరిదైనా సరే, నీళ్లలో పడే ముందు దాని జేబులు తడమాలి. ఆ లాండ్రీలో ఈ పని చిట్టిది. పదేళ్లప్పుడు స్టూలెక్కి మొదలుపెట్టింది. ఇంకో పదకొండు రోజుల్లో పద్దెనిమిది నిండుతాయి, ఇంకా తడుముతూనే ఉంది. బస్ టికెట్లు, మాత్రలు, రాసి ఇవ్వని ఉత్తరాలు, ఒకసారి ఎవరిదో కట్టుడు పన్ను. దొరికినదాన్ని చదవకూడదు. కవర్లో వేసి, బట్ట నంబరు రాసి పక్కన పెట్టాలి. "ఊళ్లోవాళ్ల గుట్టు మనకెందుకే, కవరు అంటించి పడెయ్" అంటుంది అమ్మ. పని నేర్పింది ఆవిడే.

జీతం మాట అడగకండి. సొంత కొట్లో సొంత పిల్లకి జీతమేమిటని నాన్న నవ్వేస్తాడు. పేరుకి ఇప్పటికీ చిట్టే, పని దగ్గర మాత్రం ఎప్పుడో పెద్దదైపోయింది. అన్నయ్యకు పద్దెనిమిది నిండినప్పుడు బట్టలు ఇళ్లకు చేర్చడానికని బండి కొనిచ్చారు. దాని మీద బట్టల మూట ఎన్నిసార్లు ఎక్కిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అతగాడు ఇటు పుల్ల తీసి అటు పెట్టడు. అయినా బిడ్డ చిక్కిపోయాడని నానమ్మకు రోజూ దిగులే.

అలాంటి ఇంట్లో పది రోజులుగా అందరూ చిట్టితో తీయగా మాట్లాడుతున్నారు. అనుమానం అక్కడ మొదలైంది. "పెద్దదానివయ్యావమ్మా, ఇక కౌంటరు నీదే" అన్నాడు నాన్న, కిరీటం పెడుతున్నంత సంబరంగా. నానమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వని తన మెత్తటి దుప్పటి తెచ్చి ఇచ్చింది. అన్నయ్య అయితే 'ఏమే' మానేసి 'ఏమ్మా' అన్నాడు. ఈ ఇంట్లో ప్రేమ ఊరికే పొంగదు, వెనకాల ఏదో పని ఉంటుంది. ఆ పనేమిటో తేల్చుకోవాలనుకుంది చిట్టి.

ఆమె ఎదురుచూస్తున్నది ఒక ఉత్తరం కోసం. వేరే ఊళ్లో సర్వే చదువు, రెండేళ్లు. ఫీజు లేదు, హాస్టలు వాళ్లదే. ఆవిరి కమ్మిన గదిలోంచి బయటపడి, ఎండలో నిలబడి నేలను కొలిచే పని. దరఖాస్తు పెడతానన్నప్పుడు నాన్న కాదనలేదు, "పెట్టుకో, వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. రాదని ఆయన ధీమా. పక్క వీధి స్నేహితురాలికి ఉత్తరం వచ్చి వారం దాటింది. చిట్టి కళ్లలో వత్తులేసుకుని చూసి చూసి, చివరికి పోస్ట్‌మాన్‌నే ఆపి అడిగింది.

"ఇచ్చేశానమ్మా. పది రోజులైంది, మీ కొట్లోనే ఇచ్చాను."

"ఎవరికిచ్చారు?"

"బట్టల గుట్ట వెనకనుంచి ఎవరో చెయ్యి చాపారు. మొహం చూడలేదు."

అప్పట్నుంచి చిట్టికి ఇంట్లో మనుషులు కాదు, చేతులే కనబడుతున్నాయి. చిల్లర విసిరే నాన్న చెయ్యి, మాత్రలు వెతుక్కునే నానమ్మ చెయ్యి, ఫోను వదలని అన్నయ్య చెయ్యి. నాన్న బయటికెళ్లిన అరగంటలో కౌంటరు సొరుగంతా వెతికింది. నానమ్మ స్నానానికి వెళ్తే పరుపు ఎత్తి చూసింది. అన్నయ్య బండి సీటు కింద కూడా చూసింది, అక్కడ దువ్వెన దొరికింది. ఊళ్లోవాళ్ల గుట్టు చూడకుండా ఎనిమిదేళ్లు పెరిగిన పిల్ల, సొంతవాళ్ల గుట్టు కోసం పిల్లిలా తిరుగుతున్నందుకు సిగ్గుపడింది. అయినా మానలేదు. అమ్మ వస్తువులు మాత్రం వెతకలేదు. అమ్మను అనుమానించాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

మంగళవారం పొద్దున ఆవిరి గొట్టం తగిలి అమ్మ కుడి మణికట్టు కాలింది. తడిగుడ్డ చుట్టుకుని వెనక గదిలో కూర్చుంది. ఆవిడ పనిలో వేసుకునే బూడిదరంగు కోటు నేల మీద పడి ఉంది. ఎవరో ఇచ్చి తీసుకెళ్లని కోటు అది. "దీనికి రెండు జేబులున్నాయే, నా బట్టల్లో ఒక్కదానికీ లేదు" అని మురిసిపోయి ఉంచుకుంది. ఎప్పుడూ తనే ఉతుక్కుంటుంది. ఆ రోజు చిట్టి దాన్ని మిగతా గుట్టలోకి లాగింది, అలవాటుకొద్దీ చెయ్యి జేబులోకి పోయింది. అందరి జేబులూ తడమడం నేర్పిన మనిషి తన జేబు తడుముకోలేదు.

మడతలు నలిగి నలిగి కాగితం గుడ్డలా మెత్తబడింది. ఎన్నిసార్లు చదివిందో.

"ఇదేంటమ్మా?"

అమ్మ బుకాయించలేదు. బుకాయించినా బాగుండేదనిపించింది చిట్టికి.

"ఇద్దామనే అనుకున్నానే."

"ఎప్పుడు?"

"వచ్చే వారం."

"చేరడానికి శుక్రవారం ఆఖరు."

"తెలుసు" అంది అమ్మ.

గోడవైపు చూస్తూ మళ్లీ అమ్మే అంది. "నువ్వెళ్తే ఈ ఆవిర్లో నాతో మాట్లాడే మనిషెవరే? మీ నాన్న కస్టమర్లతో మాట్లాడతాడు, ఇంట్లో నోరు విప్పడు. నీ చదువంటే నాకు కోపం లేదు. భయమేసింది."

"మరి చింపేయలేకపోయావా?"

"చేతులు రాలేదు."

అది నాన్న జేబులోనో అన్నయ్య జేబులోనో దొరికుంటే చిట్టి తనివితీరా కోప్పడేది. అమ్మ మీద కోపం మధ్యలోనే చల్లారిపోతోంది, అదే ఏడుపు తెప్పిస్తోంది. ఈ పది రోజులూ తన తల దువ్వినప్పుడు, పొయ్యి దగ్గర తనకోసం వేడిగా అన్నం తీసిపెట్టినప్పుడు కూడా ఆ ఉత్తరం ఆ జేబులోనే ఉంది. ఏది ప్రేమ, ఏది పని కోసం? నాన్న కౌంటరు ఇస్తానన్నాడు, నానమ్మ దుప్పటిచ్చింది, అమ్మ జడ వేసింది. ఉత్తరాలు వచ్చే రోజులని ఇంట్లో అందరికీ తెలుసు, అందరికీ కావాల్సింది ఆమె ఉండటమే. అందులో ఆమెను నిజంగా కావాలనుకున్నది అమ్మ ఒక్కతే, దాచిందీ అమ్మే. ఇరవై ఏళ్ల తర్వాత తను కూడా ఎవరి ఉత్తరమో దాచుకుని ఇదే గదిలో కూర్చుంటుందేమోనని చిట్టికీ భయమేసింది.

మధ్యాహ్నం కొట్టు మూసి అందరూ భోజనానికి కూర్చున్నారు. చిట్టి ఉత్తరాన్ని చేతిలోంచి వదలకుండానే చెప్పింది.

"నాకు సీటొచ్చింది నాన్నా. ఎల్లుండి వెళ్లాలి."

"ఎప్పుడొచ్చింది ఉత్తరం?"

అమ్మ వడ్డిస్తున్న గరిటె ఆగింది.

"ఇవాళే" అంది చిట్టి.

నాన్న ముద్ద నమిలి మింగేదాకా ఆగాడు. "ఇంత తొందరపెడితే ఎలాగమ్మా. కొట్టు సంగతేంటి? వచ్చే ఏడాది చూద్దాంలే."

"ఆడపిల్ల ఎక్కడికి పోతుందిరా, ఇక్కడే ఏదో చదువుకుంటుంది" అంది నానమ్మ.

"ఇంకా పద్దెనిమిది నిండలేదుగా, నా సంతకం లేకుండా చేర్చుకోరు" అన్నాడు నాన్న, నవ్వుతూనే.

"తల్లి సంతకమైనా చాలట" అంది చిట్టి. కాగితం అమ్మ ముందు పెట్టింది గానీ, ఒక అంచు మీద వేలు తీయలేదు. అమ్మ ఏం చేస్తుందో ఆమెకు తెలియదు. పది రోజుల క్రితమైతే తెలుసుననుకునేది.

అమ్మ కాగితం వైపు చూసింది, నాన్న వైపు చూడలేదు. గరిటె పక్కన పెట్టి, గుడ్డ చుట్టిన చేతిని కొడుకు వైపు చాపింది.

"పెన్ను ఇటియ్యరా. రేపట్నుంచి కొట్టు తలుపు నువ్వు తియ్యాలి."