సుప్రజ చీర ఉతికిన రోజు

తిరువూరులో సుబ్బాయమ్మ ఇంటి వీధితలుపుకి తాళం ఉండదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని వాసన చూసి, ఇంట్లోవాళ్ళయితే అదే తెరుచుకుంటుంది. ఊళ్ళోవాళ్ళతో మాటలన్నీ అరుగు మీదే.

ఏడుకొండలు ఇల్లరికం వచ్చిన రోజున తలుపు కదల్లేదు. పెళ్ళికూతురు సుప్రజ నవ్వి, తన పమిట అతని భుజాల చుట్టూ కప్పింది. అప్పుడు తెరుచుకుంది.

మర్నాడు పెరట్లో చీమలపుట్ట చూపించింది. “నూకగింజలా ఆ తెల్లపురుగు చూశారా? కళ్ళుండవు దానికి. చీమ కాదు, అయినా చీమలు ఏమీ అనవు. వాటి వాసనే పట్టించుకుంది.”

“అయితే అదీ ఇల్లరికమేనా?”

“మరి! మీ చుట్టమే.”

నిరుడు జ్వరమొచ్చి సుప్రజ పోయింది. ఏడుకొండలు రోజూ పత్తిచేలోంచి వచ్చి, అత్తగారు పెట్టింది తిని, సుప్రజ పాతచీర కప్పుకుని పడుకునేవాడు. తలుపు తెరుచుకుంటూనే ఉంది.

“పాపం, మాసిపోయిన చీరే కప్పుకుంటున్నాడు,” అని సుబ్బాయమ్మ ఒకనాడు ఆ చీరని వాషింగ్ మిషన్లో వేసింది. మంచి వాసన రావాలని మూతెడు లిక్విడ్ కూడా పోసింది. ఆ ఇంట్లోనే పుట్టిన మనిషి, తలుపు సంగతి ఆమెకి తట్టనే లేదు.

ఆ సాయంత్రం తలుపు కాస్త ఆలోచించి తెరుచుకుంది. ఒంటికి అంటిన ఆ కాస్త వాసనైనా పోకూడదని ఏడుకొండలు స్నానం మానేశాడు.

“నీళ్ళు పోసుకోండి బాబూ, కూలోళ్ళు నవ్వుతున్నారు.”

“రేపు పోసుకుంటా అత్తయ్యా.”

చేలో చెమట పట్టకుండా ఉంటుందా? ఒకరోజు తలుపు తెరుచుకోలేదు. సుబ్బాయమ్మ లోపల్నుంచి తోసింది, తలుపుని బతిమాలింది. పెరటితలుపూ అంతే. పుట్టిన ఊరు వినగడపలో అతని అన్నలు ఏనాడో వాటాలు పంచేసుకున్నారు. అక్కడ అతనికి చాప పరిచేవాళ్ళు లేరు.

పెరట్లో ఆ రోజు మిషను సబ్బునీళ్ళు చీమలపుట్టలోంచి పారాయి. తెల్లపురుగు కన్నం దగ్గర తిరుగుతోంది. లోపలికి వెళ్ళబోతే చీమలు బయటికి నెడుతున్నాయి. మళ్ళీ వెళ్ళబోతోంది.

ఏడుకొండలు దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. “రా చుట్టమా,” అన్నాడు.

కిటికీ ఊచల మధ్యనుంచి సుబ్బాయమ్మ అన్నం ముద్దలు చేసి అందించింది. వెనకాలే చీర. “చలేస్తుంది, కప్పుకోండి. రేపటికి తెరుచుకుంటుందిలే బాబూ,” అంది ఏడుస్తూ.

అరుగు మీద పడుకుని చీర మొహం మీదికి లాక్కున్నాడు. గుప్పుమని మల్లెపూల వాసన. సుప్రజకి మల్లెపూలంటే తలనొప్పి.