మిరియం పథ్యం

మా ఇంట్లో నలుగురు మనుషులం, ఒక కుక్క. వీళ్ళలో బుద్ధి ఉన్నది కుక్కకే అని పెళ్ళైన కొత్తలోనే తేల్చుకున్నాను. నన్ను మినహాయించి అని వేరే చెప్పక్కర్లేదు.

కుక్క పేరు మిరియం. నల్లగా, గుండ్రంగా ఉందని మామగారు పెట్టారు. ఆయన పాదాల మీద తల పెట్టుకుంటే తప్ప దానికి కునుకు పట్టదు. ఏడాదిగా దానికి ఒకటే దురద. పొట్ట కింద, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో గీరి గీరి పుళ్ళు చేసుకుంది.

మావాళ్ళ వైద్యాలు చూడాలి. పక్కింటావిడ చెప్పిందని అత్తగారు ఏదో నూనె పూశారు. సగం కుక్క నాకేసింది, మిగతా సగం సోఫాకి అంటుకుంది. మా ఆయనైతే ఫోన్లో చూసి అయస్కాంతాల బెల్టు తెప్పించారు. అది మెడకి కడితే ఒంట్లో దురదంతా లాగేస్తుందట. మూడో రోజుకి కుక్క దాన్ని కొరికి పారేసింది.

చివరికి నేనే పశువుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ పుళ్ళన్నీ చూసి, “తిండి పడట్లేదు. నా అనుమానం చికెన్ మీద. ఎనిమిది వారాలు ఉడికించిన చేప, బంగాళాదుంప, నీళ్ళు. ఇంకేదీ దాని నాలిక్కి తగలకూడదు. తగిలిందా, మళ్ళీ మొదటికే” అన్నారు.

నాది మందుల ఫ్యాక్టరీలో లేబుళ్ళు సరిచూసే ఉద్యోగం. ఒక్క అక్షరం తేడా వచ్చినా పెట్టె మొత్తం వెనక్కి పంపిస్తాను. పదకొండేళ్ళలో ఒక్క తప్పు కూడా నా కళ్ళు దాటి పోలేదు. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాను. ఫ్రిజ్ పక్కన పుస్తకం వేలాడదీసి గళ్ళు గీశాను: ఎవరు, ఏం పెట్టారు, సంతకం, తేదీ.

మొదటి వారమే అత్తగారు బిస్కెట్టుతో దొరికారు. “చిన్న ముక్కేనే! అదలా చూస్తుంటే నాకు ముద్ద దిగలేదు” అన్నారు. రెండో వారం మా ఆయన, చీజ్. కింద పడిందట. ప్లేట్లోంచి అదే దూకిందన్నమాట! మూడో వారం మామగారు, రొట్టె అంచు. ఆయన మాత్రం ఏమీ బుకాయించలేదు. నేరుగా వచ్చి సంతకం పెట్టారు.

“తేదీ వెయ్యలేదు మావయ్యగారూ. తేదీ లేని సంతకం చెల్లదు” అన్నాను.

వేశారు.

మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క. “ఇదే ఆఖరు. ఈసారీ తగ్గకపోతే మా ఫ్రెండ్ గోడౌనుకి ఇచ్చేద్దాం. కాపలాకి పడుంటుంది” అన్నారు మా ఆయన. మామగారు కుక్క చెవి నిమిరారు. ఆ పూట నుంచి ఆయన తన ప్లేటు తీసుకుని బయట మెట్ల మీద కూర్చుని తినేవారు. లోపలికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కుని గానీ కుక్కని ముట్టుకునేవారు కాదు.

ఏడు వారాలు గడిచాయి. మిరియం గోకుడు తగ్గలేదు. అత్తగారి మీద, మా ఆయన మీద నా కళ్ళు ఉండనే ఉన్నాయి. మెట్ల మీద జరిగేదే నాకు కనపడదు.

“మీ చెయ్యి ఊరుకోదు మావయ్యగారూ. దాన్ని గోడౌనుకి పంపించేది మీరే” అన్నాను మొహం మీదే.

“నేనేం పెట్టలేదమ్మా.”

“దొరికినవాళ్ళంతా అనేది అదే.”

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నాటకం అనుకున్నాను.

యాభై ఆరో రోజు అందరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పుస్తకం బల్ల మీద పెట్టాను. ఆవిడ పేజీలు తిప్పి, “ఇంత పద్ధతిగా ఎవరూ రాయరండీ” అన్నారు. నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. తర్వాత ఆవిడ మిరియం పెదవి పైకెత్తారు.

“పళ్ళు తళతళలాడుతున్నాయే! ఎవరు తోముతున్నారు?”

“నేనేనండీ. రోజూ పొద్దున్నే. ఒక్క రోజు కూడా మానను.”

“ఏ పేస్టుతో?”

కుక్క సామానంతా సంచీలో పెట్టుకుని తిరగడం నా అలవాటు. కుక్కల పేస్టు ట్యూబు తీసి గర్వంగా అందించాను. ఆవిడ దాన్ని ఒకసారి చూసి, లేబుల్ నావైపు తిప్పారు. బొటనవేలంత కోడి బొమ్మ. దాని కింద, ఏ కళ్ళజోడూ అక్కర్లేనంత పెద్ద అక్షరాల్లో: చికెన్ రుచి.

మా ఆయన నవ్వబోయారు. అత్తగారు ఆయన్ని గిల్లారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామగారు నావైపు చూడను కూడా చూడలేదు. “అయితే ఇంకో ఎనిమిది వారాలు మా ఇంట్లోనే ఉంచుకోవచ్చాండీ?” అని డాక్టరుని అడిగారు, ఆవిడ ఏదో వరమిస్తున్నట్టు.

మా ఆయన “మరి గోడౌను...” అన్నారు.

“ఆ మాట మళ్ళీ ఎత్తితే ముందు మీరు వెళ్తారు గోడౌనుకి” అన్నాను.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. ఎవరు: నేను. ఏం పెట్టారు: చికెన్, యాభై ఆరు రోజులూ. సంతకం పెట్టాను. తన ప్లేటు కోసం వచ్చిన మామగారు కళ్ళజోడు పెట్టుకుని, గళ్ళ వెంట వేలు జరుపుకుంటూ నెమ్మదిగా చదివారు. ఆయన ఎన్ని తిట్టినా పడదామనే నిలబడ్డాను.

“తేదీ వెయ్యలేదమ్మా” అన్నారు.

వేశాను. ఆయన ప్లేటు తీసుకుని, మిరియం వెంటరాకుండా తలుపు దగ్గరికి వేసి, ఎప్పటిలాగే మెట్ల మీదికి వెళ్ళిపోయారు.