ఎక్కేముందు ఒక చుట్టు

మా మావయ్య గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కేముందు బండి చుట్టూ ఒకసారి తిరిగేవారు. ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి, అరచేత్తో బండిని నిమురుకుంటూ, నిదానంగా. అక్కడ ఎవరైనా ఉంటే "తప్పుకో, తప్పుకో" అని పంపేసి మరీ ఎక్కేవారు. "అత్తయ్యనైనా ఇంత ముద్దుగా చూసుకున్నారో లేదో" అని మేం వెనక చేరి నవ్వుకునేవాళ్ళం.

ముప్పై ఏళ్ళలో ఆయన బండి ఒక్క చెక్కపెట్టెని గీరలేదు, ఒక్క మనిషిని తాకలేదు. గోడౌను పెరిగింది, కొత్తవాళ్ళకి బండి నేర్పడానికి ఆయనొక్కరూ చాలలేదు. నేర్పేవాళ్ళని తయారుచెయ్యమని ఆఫీసువాళ్ళు ఆయన్నే అడిగారు. "ఒక దీపంతో వంద దీపాలు వెలిగించొచ్చు" అని మేనేజరు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. మావయ్య ఆరుగురిని ఏరుకున్నారు. అందులో నేనొకదాన్ని. డిగ్రీ చదివి, అదే గోడౌన్లో పెట్టెలకి చీటీలు అంటించడంతో మొదలై, బండి దాకా ఎక్కి వచ్చిన కోడల్ని.

ఆయన పద్ధతి ఒకటే. "నోరు మూసుకుని నన్ను చూడండి." వెనక్కి తీసేటప్పుడు ఎడమ చెయ్యి స్టీరింగు మీద, కుడి చెయ్యి వెనక కమ్మీ మీద, నడుం తిప్పి కుడి భుజం మీంచి చూపు. మేం అచ్చం అలాగే దించేశాం. ఆయన దగ్గు కూడా వచ్చేసిందని ఒకడు వేళాకోళం చేసేవాడు.

రెండో వారంలో అడిగాను. "మావయ్యా, ఈ చుట్టు దేనికి?"

"అలవాటు."

"కొత్తవాళ్ళకి చెప్పాలా మరి?"

"ముసలాడి చాదస్తమే అది. చెబితే చెప్పు, లేకపోతే మానెయ్."

పరీక్షల ముందు ఇంకోసారి అడిగాను, అందరిలోనూ. విసుక్కున్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏడాదిలో ఆరుగురం కలిసి అరవై మందికి నేర్పాం. మనిషికి నాలుగు రోజులే ఇచ్చారు. ఏదో ఒకటి తగ్గించక తప్పలేదు, ఆ చుట్టు తగ్గించేశాను. మిగతా ఐదుగురూ అదే చేశారు. పాఠాల కాగితం నేను రాస్తే మావయ్య సంతకం పెట్టారు. అందులో కుడి భుజం ఉంది. చుట్టు లేదు.

నేను నేర్పినవాళ్ళలో పొడుగాయన ఒకడు. అంతకుముందు దర్జీ. నెమ్మదైన మనిషి, బండి మాట వినకపోతే బండికే క్షమాపణ చెప్పే రకం. ఓ మంగళవారం పొద్దున బండి వెనక్కి తీస్తూ, ఎడమ పక్కన వంగి చీటీ అంటిస్తున్న ఒకామె పాదం మీదికి ఎక్కించేశాడు. ఎముకలు నుగ్గయ్యాయి. ఇంక కర్ర లేకుండా నడవలేదన్నారు డాక్టర్లు. ఒకప్పుడు నేను వంగిన చోటే అది.

"చూశాను మేడం," అన్నాడు పొడుగాయన. "మీరు చెప్పినట్టే చూశాను."

"ఎడమ పక్క?"

"ఎడమ పక్క చూడమని మీరెప్పుడు చెప్పారు?"

ఆ సాయంత్రం ఇంట్లో మావయ్యకి మంచినీళ్ళు తీసుకెళ్ళాను. ఆయనకి ఎడమ వైపు నుంచి వెళితే ఉలిక్కిపడతారు. వెయ్యిసార్లు చూసిందే. ఈసారి మాట్లాడకుండా ఆయన ఎడమ చెంప పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆయన తిరగలేదు. పొయ్యి దగ్గర్నుంచి అత్తయ్య చూసింది.

"తెలిసిందిగా. ఇంక చాలించు," అంది.

"ఎప్పట్నించి?"

"మీ ఆయనకి పదేళ్ళప్పుడు మీ మావయ్య ఎడమ కంట్లో ఇనప రజను పడింది."

"ఏటేటా కంటి పరీక్ష చేస్తారు కదా!"

"ఆ బోర్డు మీది అక్షరాలు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు."

అప్పుడర్థమైంది. ఆ చుట్టు ముద్దూ కాదు, చాదస్తమూ కాదు. ఎక్కాక కనిపించని పక్కని ఎక్కకముందే చూసుకోవడం. కుంటుకి ఆయన వేసుకున్న కర్ర అది. మేం కర్ర పారేసి కుంటు నేర్చుకున్నాం. దీపాల సంగతేమో గానీ, మసి మాత్రం అరవై మందికీ అంటింది.

"రేపు విచారణలో నువ్వేం మాట్లాడకు," అన్నారు మావయ్య. "ఆ దర్జీ తొందరపడ్డాడంటే సరిపోతుంది. నాకింకా రెండేళ్ళే సర్వీసుంది."

"అతనికి ఇంకా పాతికేళ్ళుంది మావయ్యా."

"గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"మీ కన్ను గురించి కాదు. రేపు పొద్దున మళ్ళీ అరవై మంది బండెక్కుతారు."



విచారణ గోడౌన్లోనే పెట్టారు. బల్ల వెనక మేనేజరు, ఆయన పక్కన పెద్ద ట్రైనర్ హోదాలో మావయ్య. తప్పు ఎవరిదో తేల్చే కుర్చీలో ఆయనే కూర్చున్నారు. పొడుగాయన నిలబడి ఉన్నాడు.

"తొందరపాటు," అన్నారు మావయ్య. "నేర్పడంలో లోపం లేదు."

నేను లేచాను. "ట్రైనర్లం ఆరుగురం ఉన్నాం సార్. ఒక్కొక్కరినీ బండెక్కించండి. బండి కదలకుండా తాళంచెవి తీసేసి, వెనక్కి తీసే ముందు చేసేదంతా చెయ్యమనండి. ఇంకో మాట చెప్పొద్దు."

ఎక్కించారు. మేనేజరే వెళ్ళి బండికి ఎడమ పక్కన నిలబడ్డాడు. ఐదుగురూ కుడికే తిరిగారు. చివర నేనెక్కాను. అంతా తెలిసి కూడా నా మెడ కుడికే తిరిగింది.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా," అన్నారు వెనకెవరో.

"మీకు నేర్పిందెవరు?" అన్నాడు మేనేజరు, తెలిసి కూడా.

నేను బల్ల దగ్గరకొచ్చి మావయ్య ఎడమ పక్కన నిలబడ్డాను. పాఠాల కాగితం తీసి ఆయన చెంపకి జానెడు దూరంలో పట్టుకున్నాను. ఒక్క మాట అనలేదు. ఆయన హుందాగా ఎదురుగా చూస్తూ కూర్చున్నారు. పది లెక్కపెట్టేంతసేపు. గోడౌనంతా చూసింది. చూడలేక తల దించుకున్నది పొడుగాయన ఒక్కడే.

అతని ఉద్యోగం నిలిచింది. మావయ్యని ఆ రోజే ఇంటికి పంపేశారు. పాఠాల కాగితం ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. ఆయన కుర్చీ నాకిచ్చారు.

అత్తయ్య నాతో మాట మానేసింది. పదిరోజుల తర్వాత మావయ్యే నోరు విప్పారు.

"ఆ చుట్టు ఎందుకు తీసేశావ్? అదొక్కటి ఉంచినా ఆమె కాలు దక్కేది."

"ఎందుకో మీరు చెప్పలేదు."

"నువ్వడగలేదు."

"రెండుసార్లు అడిగాను మావయ్యా."

"అడిగావ్," అన్నారు. "రెండోసారి నవ్వావ్ కూడా."

నా చేతిలో ఆయన అన్నం పళ్ళెం ఉంది. ఎడమ పక్కన నిలబడి ఉన్నాను. కుర్చీ చుట్టూ తిరిగి కుడి పక్కకొచ్చి పెట్టాను. ఇప్పుడు ఆయనకి నేను కనిపిస్తాను. అయినా చూడలేదు.