కదలని బస్సు

మా డిపోలో ట్రైనింగు గదికి సిమ్యులేటర్ వచ్చినప్పటి నుంచి నేను దాన్ని బొమ్మ బస్సు అనే పిలుస్తున్నాను. పాత బస్సు ముందుభాగం కోసి నేలకు బిగించి, ఎదురుగా పెద్ద తెర పెట్టారు. నేను మెకానిక్కుని. ఇంజను లేనిదాన్ని బండి అనడానికి నాకు నోరు రాదు.

ఆ రోజు అందులో మా వదిన కూర్చుంది. నెల క్రితం ఆమె బస్సుకి ఒక పిల్లవాడు అడ్డం వచ్చాడు. వదిన సమయానికి బ్రేకు వేసింది, వాడికి చిన్న గీత కూడా పడలేదు. కానీ అప్పటి నుంచి బ్రేకు మీద పెట్టిన కాలు పైకి లేవనంటోంది. ఇవాళ ఇందులో నడపలేకపోతే టికెట్ల కౌంటరుకి మార్చేస్తామన్నారు. పెళ్ళికి ముందు నుంచీ బస్సే లోకంగా బతికిన మనిషి ఆమె.

"ఎంత హంగు చేసినా ఆట సామానే కదా సార్," అన్నాను ట్రైనరుతో. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దాయన.

"నేను చేరినప్పుడు ఈ మాత్రం కూడా లేదయ్యా. పొడుగాటి గుడ్డ మీద రోడ్డు బొమ్మ గీసి, పిడి పట్టుకుని తిప్పేవాళ్ళం. తిప్పేది నేనే. నేర్చుకునేవాడు బ్రేకు వేస్తే నేను ఆగాలి. ఆగకపోతే తిట్లు తినాలి." నవ్వాడాయన. "అప్పుడైనా ఇప్పుడైనా దీని పని ఒకటే. ఇక్కడ ఎన్ని తప్పులు చేసినా ఎవరింట్లోనూ ఏడుపు వినబడదు."



తెర మీద వీధి కదిలింది. సందులోంచి ఒక బంతి దొర్లుకుంటూ వచ్చింది, దాని వెనకే ఒక పాప. వదిన బ్రేకు వేసింది. పాప బంతి తీసుకుని వెళ్ళిపోయింది. దారి ఖాళీ అయింది. కాలు మాత్రం బ్రేకు మీదే ఉండిపోయింది. వెనక నుంచి హారన్ల మోత మొదలైంది. వదిన మెడ మీద చెమట కారుతోంది.

"ఆపేద్దాం సార్," అన్నాను.

ఆయన హారన్లు మాత్రం ఆపాడు. "నువ్వు బండెక్కు," అన్నాడు నాతో.

డ్రైవరు వెనకున్న ఒకే ఒక్క సీట్లో కూర్చున్నాను. ఆయన నా పక్కన నిలబడి, కండక్టరులా రేకు మీద రెండుసార్లు చరిచాడు.

"రైట్ రైట్."

వదిన తలెత్తి అద్దంలోకి చూసింది. సీట్లో మనిషి ఉన్నాడు. గేరు పడింది. కాలు లేచింది. వీధి మెల్లగా మా మీదికి రాసాగింది.

ఆ పెద్దాయనకి దండం పెడదామనుకున్నాను గానీ చేతులు ఖాళీగా లేవు. రెండూ ముందున్న కడ్డీని పట్టుకుని ఉన్నాయి.

"అలాగే పట్టుకో మరిదీ," అంది వదిన అద్దంలో నన్ను చూస్తూ. "ముందు మలుపుంది."