రిజిస్టరులో అన్న పేరు

కాంపౌండరు జమాల్ సాబ్ రిజిస్టరు తెరిచి పేరడిగేసరికి కుళ్ళాయప్ప ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాడు. అనంతపురంలో గురువారం గురువారం కూర్చునే మనసు జబ్బుల డాక్టరమ్మ గది ముందు నిలబడి ఉన్నాడు మరి. ఇక్కడ పేరు రాయించుకున్నాడని తెలిస్తే హాస్టలు పిల్లలు గోరంతను కొండంత చేస్తారు. కబురు ధర్మవరంలో ఇంటికి చేరేసరికి ఆ కొండకు కొమ్ములు కూడా మొలుస్తాయి. అందుకని నోటికొచ్చిన పేరు చెప్పేశాడు.

"వీరప్ప."

ఫిజిక్సు మాస్టారు పంపకపోతే వాడు ఈ గడప తొక్కేవాడే కాదు. ఎనభై నాలుగో సంవత్సరపు అర్ధసంవత్సరం పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చాడు. నెలన్నరగా ఎవరితోనూ నోరు విప్పింది లేదు. ఇక్కడ కూడా ఏమీ తేలకపోతే చదువుకు దండం పెట్టి ఇంటికి పోదామనుకున్నాడు. పోయి మాత్రం ఏం చేస్తాడు? వాళ్ళది నేత ఇల్లు; పెద్దంచు చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. వాడి పక్కన కూర్చునే మనిషి ఇప్పుడు లేడు.

బెంచీ మీద కూర్చుని జరగబోయేదంతా ఊహించుకున్నాడు. సూది పొడుస్తారా, తలకు కరెంటు పెడతారా, కట్టేస్తారా? పాపం, పిల్లవాడు విన్నవన్నీ అవే.

"వీరప్పా!" వరండా అదిరేలా జమాల్ సాబ్ కేకేశాడు.

కుళ్ళాయప్ప లేవలేదు. అన్న వస్తున్నాడేమోనని గేటు వైపు చూశాడు. అన్న కామెర్లతో పోయి ఏడాదైంది. ఆ పేరు వింటే అమ్మ సొమ్మసిల్లి పడిపోతోందని నాయన ఇంట్లో ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఆ పేరు చెవిన పడటం మళ్ళీ ఇదే.

"నిన్నేనప్పా! యాడ చూస్తాండావు? లోపలికి పో."

లోపల సూదీ లేదు, కరెంటూ లేదు. రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ళ కూజా ఉన్నాయి.

"ఈడ చెప్పింది ఈ గది దాటి పోదు నాయనా," అంది డాక్టరమ్మ. "చెప్పగలిగినంతే చెప్పు. ఊరికే కూర్చున్నా నాకేం కోపం రాదు."

వాడు ఊరికే కూర్చున్నాడు. ఆమె కూడా కూర్చుంది, గడియారం వైపైనా చూడకుండా. ఇంట్లో అందరూ మాట్లాడకుండా ఉండేది వాడు నోరెత్తి అన్న మాట తెస్తాడేమోనన్న భయంతో. ఈమె వాడు నోరెత్తాలని ఎదురు చూస్తోంది. ఆ తేడా తెలిసేసరికి వాడికి దుఃఖం ఆగలేదు.

"వీరప్ప నేను కాదు మేడం. మా యన్న. సచ్చిపోయినాడు."

అంతే, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడవద్దని ఆమె అనలేదు. గ్లాసుతో నీళ్ళు మాత్రం దగ్గరికి జరిపింది.

కాసేపటికి వాడు కళ్ళు తుడుచుకుని తన అసలు పేరు చెప్పాడు.

"మంచిది, కుళ్ళాయప్పా. వచ్చే గురువారం మళ్ళీ రా. జమాల్ సాబ్‌తో చెప్పి ఆ పేరు కొట్టేయిస్తాలే."

వాడు కంగారుగా లేచి నిలబడ్డాడు.

"కొట్టేయద్దు మేడం. వస్తాను, తప్పకుండా వస్తాను. ఇంగొక్క వారం ఆ పేరుతోనే పిలవమనండి. మా ఇంట్లో ఎవురూ పిలవరు."