తలుపు దగ్గర జాగా

మా ఆఫీసుకి రైలెక్కి వచ్చేదాన్ని నేనొక్కదాన్నే. మేం చేసే పనేమో రైళ్ల పని!

రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్క టవర్లో పదకొండో అంతస్తు మాది. లోకల్ రైళ్లకి కొత్తగా రాబోయే రెండంతస్తుల పెట్టెలు లోపల ఎలా ఉండాలో గీసిచ్చే కాంట్రాక్టు మా కంపెనీ తీసుకుంది. మొత్తం ముప్పై నలుగురం. ముప్పై ముగ్గురు కార్లలోనో క్యాబుల్లోనో వస్తారు. ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ దిగి, కాఫీ తాగి, రైలు ప్రయాణికులు ఎలా ఉంటారో బొమ్మలు గీసి గోడకి అంటిస్తారు. ఆ బొమ్మల్లో అందరిదీ ఒకటే ఎత్తు. అందరి వీపుకీ ఒక బ్యాగు. ఒక్కరికీ మోకాళ్ల నొప్పి లేదు.

నేను నల్లగండ్లలో ఉంటాను. లింగంపల్లిలో ఏడూ యాభై లోకల్ ఎక్కుతాను, ఆడవాళ్ల పెట్టె. హఫీజ్‌పేట్‌లో భూలక్ష్మి ఎక్కుతుంది. యాభై దాటిన మనిషి, కుడి మోకాలు వంగదు. మా అంతస్తులోనే నేల తుడిచి, టీలు ఇచ్చే పని. ఆమెతో పాటు అటూ ఇటూ టవర్లలో అదే పని చేసే ఆడవాళ్లు పదిహేను మంది దాకా ఎక్కుతారు. తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అందరం అక్కడ దిగి, షేర్ ఆటోల్లో టవర్ల దాకా వెళ్తాం. రైల్లో నాలుగు నిమిషాల దూరం, పొద్దున పూట రోడ్డు మీద మాత్రం ప్రాణం తీస్తుంది.

ఆ పెట్టెకి ఒక పద్ధతి ఉంది. ఏ బోర్డు మీదా రాసి ఉండదు. తర్వాతి స్టేషన్లో దిగేవాళ్లది తలుపు దగ్గర జాగా. దూరం వెళ్లేవాళ్లు లోపలికి జరగాలి. రైలు ఆగేది అర నిమిషం కాబట్టి ఎవరో కనిపెట్టారు, అందరూ పాటిస్తారు. పాటించనివాళ్లకి భూలక్ష్మి ఉంది.

"బేగంపేట పొయ్యెటోళ్లు లోపటికి నడువుండ్రి! తలుపు కాడ నీకేం పని? ఇగ్గో, నిన్నే!"

ఎంత చదువుకున్నావిడైనా మారు మాట్లాడకుండా లోపలికి జరిగేది.

ఇక మా కొత్త రైలు సంగతి. తలుపులోంచి ఎక్కగానే ప్లాట్‌ఫాం ఎత్తులో కాస్త నిలబడే జాగా ఉంటుంది. అక్కణ్ణించి ఐదు మెట్లు దిగితే కింది అంతస్తు, ఏడు మెట్లెక్కితే పై అంతస్తు. మొదటి నమూనాలో ఆ జాగా పొడవు పన్నెండడుగులు. మా ప్రాజెక్టు హెడ్ రవికిరణ్ దాన్ని ఆరడుగులకి కోసేశాడు. పెట్టెకి పదహారు సీట్లు పెరుగుతాయట, కరపత్రంలో అంకె నిండుగా కనిపిస్తుందట.

జనం దిగి ఎక్కడానికి ఎన్ని సెకన్లు పడుతుందో తేల్చడం నా ఉద్యోగం. నలభై అయిదు సెకన్లు దాటకూడదన్నది షరతు. దాటితే వెనకాల వచ్చే ప్రతి రైలూ ఆగుతుంది.

నల్లగండ్ల అవతల ఒక షెడ్డులో ప్లైవుడ్‌తో అసలు కొలతల పెట్టె కట్టారు. నేల మాత్రం నిజమైనదే వేశారు, అద్దంలా మెరిసేది. మొదటి పరీక్ష ఆఫీసు వాళ్లతో జరిగింది. పసుపు టీ షర్టులు పంచారు, ఈల ఊదారు. కుర్రాళ్లు మెట్ల మీద పందెం పెట్టుకున్నట్టు పరిగెత్తారు. నలభై ఒక్క సెకన్లు. కేకు కోశారు. వాళ్లలో సగం మంది లోకల్ రైలు గడప తొక్కి ఎరగరు.

నమూనాని ఒప్పుకోవాల్సిన రైల్వే నిపుణుల కమిటీ మాత్రం రోజూ ప్రయాణించేవాళ్లతో కూడా చేసి చూపించమంది. రవికిరణ్ నన్ను పిలిచి, "నీకు రైల్లో బోలెడు మంది ఫ్రెండ్సున్నారటగా సంయుక్తా, పట్టుకురా" అన్నాడు.

భూలక్ష్మికి చెప్పాను. తలుపు దగ్గర జాగా తగ్గిస్తున్నారని కూడా చెప్పాను.

"తగ్గిస్తె మేమేడ నిలవడాలె బిడ్డా? నాలుగు నిమిషాలకు మీదికెక్కుడు, మళ్ల దిగుడా? నా మోకాలితోని దిగేలోపట రైలు హైటెక్ సిటీ దాటి బోరబండ వోతది."

"అదే వచ్చి చూపించండి భూలక్ష్మమ్మా. మీరు చూపిస్తే మారుస్తారు."

ఆ మాట అన్నది నేనే. బాగా గుర్తుంది.

భూలక్ష్మి పోగుచేస్తే ఆదివారం అరవై మంది ఆడవాళ్లు వచ్చారు. వారానికి దొరికే ఒక్క సెలవు పూటా వదులుకుని, మంచి చీరలు కట్టుకుని వచ్చారు. ఈల ఊదగానే భూలక్ష్మి ముందు నడిచి, తలుపు దగ్గర ఆగి, చెప్పులు విప్పింది. వెనక ఉన్నవాళ్లూ విప్పారు. అరవై జతల చెప్పులు తలుపు ముందు గుట్ట పడ్డాయి. ఒకరి మీద ఒకరు తూలుతూ, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, జారకుండా మునివేళ్ల మీద ఎక్కారు. నిగనిగలాడే నేల మీద చెప్పులతో నడవకూడదని సూపర్‌వైజర్లు ఏళ్ల తరబడి తిట్టి తిట్టి నేర్పారు వాళ్లకి. నేర్చుకున్నారు. ఎక్కేసరికి రెండు నిమిషాలు దాటింది.

రవికిరణ్ పడీ పడీ నవ్వాడు. ఫోన్లో వీడియో తీశాడు. అది మా ఆఫీసు గ్రూపులోకి వెళ్లి, దాని కింద నవ్వు బొమ్మలు బారులు తీరాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆడవాళ్లు తుడిచిన నేల మీదే రోజూ బూట్లు టకటకలాడిస్తూ నడుస్తారు వీళ్లంతా!

"చెప్పులతోనే ఎక్కండమ్మా" అని చెప్పి రెండోసారి చేయించాను. ఈసారి ఒక్కరు కూడా తడబడలేదు. అయినా తొంభై నాలుగు సెకన్లు పట్టింది. స్టాప్‌వాచ్ నా చేతిలోనే ఉంది. పై అంతస్తుకి తొమ్మండుగురే ఎక్కారు. మిగతావాళ్లు తర్వాతి స్టేషన్లో దిగేవాళ్లు ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడ్డారు. ఆరడుగుల్లో ఇరుక్కుపోయారు. దిగేవాళ్లకి దారి లేదు, ఎక్కేవాళ్లకి చోటు లేదు. నాలుగు నిమిషాల ప్రయాణానికి ఏడు మెట్లెక్కి మళ్లీ ఏడు మెట్లు దిగే తెలివితక్కువ మనిషి ఆ అరవై మందిలో లేదు. రవికిరణ్‌కి అదే తెలియనితనంలా కనబడింది.

వెళ్లేటప్పుడు తలా ఒక బిర్యానీ ప్యాకెట్ ఇచ్చి, ముట్టినట్టు కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు.

నివేదిక నా ముందుకి వచ్చింది. సమయం: నలభై ఒక్క సెకన్లు. ఆడవాళ్ల పరీక్ష గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. అలవాటు లేని ప్రయాణికులు కావడం వల్ల వారి సమయాలు పరిగణనలోకి తీసుకోలేదు! రోజూ ఎక్కేవాళ్లు అలవాటు లేనివాళ్లట. ఎప్పుడూ ఎక్కనివాళ్లు ప్రయాణికులట. చివర్న బిర్యానీ సంతకాల కాగితం జతచేసి, పైన 'ప్రయాణికుల ఆమోదం' అని శీర్షిక పెట్టారు.

గంట సేపు పోట్లాడాను.

"చూడమ్మా," అన్నాడు రవికిరణ్, "జనం నెమ్మదిగా అలవాటు పడతారు. శుక్రవారం రివ్యూ. నీ సంతకం ఒక్కటే ఆగింది. నీకు కష్టంగా ఉంటే చెప్పు, ఈ పనికి ఇంకొకళ్లని చూసుకుంటాను."

సంతకం పెట్టాను. ఇంతసేపూ వాళ్లనీ వీళ్లనీ తిడుతున్న నేనే ఆ సంతకం పెట్టాను. సాకు వెతికితే దొరుకుతుంది. వెతకను.

మర్నాడు రైల్లో భూలక్ష్మి అడిగింది, తలుపు దగ్గర జాగా ఏం చేశారని. అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. మొత్తం చెప్పేశాను.

"మరి మా దస్కతులు?"

"రైలు మీకు నచ్చిందని పెట్టినట్టు రాశారు."

"నువ్వు?"

"నేనూ పెట్టాను."

ఆమె తలుపు వైపు తిరిగింది. హైటెక్ సిటీలో రైలాగితే, వంగని కాలు ముందు దింపి, కడ్డీ పట్టుకుని దిగిపోయింది. షేర్ ఆటోలో నా పక్కన కూర్చోలేదు.

శుక్రవారం రివ్యూకి కమిటీ తరఫున నాగేశ్వరి గారు వచ్చారు. రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. జుట్టంతా తెల్లగా ఉంది, చేతిలో చిన్న నోటుపుస్తకం. రవికిరణ్ తెర మీద ఒక్కొక్క పేజీ తిప్పుతూ ఇంగ్లీషులో దంచేస్తున్నాడు. సంతకాల పేజీ వచ్చింది. అప్పుడే భూలక్ష్మి టీ ట్రే పట్టుకుని లోపలికి వచ్చింది.

ఆ పేజీలో మూడో పేరు ఆమెది. ఆమెకి రాయడం వచ్చిన మాట అదొక్కటే.

నాగేశ్వరి గారి ముందు కప్పు పెట్టి, ట్రే బల్ల మీద దించింది.

"అమ్మా, గా దస్కతు నాది. బిర్యానీ ముట్టిందని పెట్టిన. రైలు మంచిగున్నదని పెట్టలే."

రవికిరణ్ ముఖం మాడిపోయింది. "భూలక్ష్మీ, నువ్వు బయటికెళ్లు" అన్నాడు.

నాగేశ్వరి గారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. "ఉండండి. ఆ రోజు ఎక్కింది మీరేనామ్మా? ఏం జరిగింది?"

"మొదాలు మేం చెప్పులిడిసినం. గది మా తప్పే. రెండోసారి మంచిగనే ఎక్కినం. జాగ లేదమ్మా. తలుపు కాడ ఊపిరాడలే. నా అసువంటోళ్లు మెట్లెక్కి దిగాల్నంటె రైలు పోతది. మమ్ములనేమో రైలెక్కుడు రానోళ్లని రాసిండ్రంట. ఇరవై ఏండ్ల సంది ఎక్కుతున్న."

"ఎంతసేపు పట్టింది?"

"నాకేం ఎర్కనమ్మా. గడియారం గా మేడమ్ చేతుల ఉండె."

అందరూ నా వైపు తిరిగారు. భూలక్ష్మి కూడా చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"తొంభై నాలుగు సెకన్లండి" అన్నాను. "నలభై ఒకటి మా ఆఫీసు వాళ్లది. తెలిసే సంతకం పెట్టాను."

నాగేశ్వరి గారు పుస్తకంలో రాసుకున్నారు. నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. తలుపు దగ్గర పన్నెండడుగులు తిరిగి పెట్టి, రోజూ ప్రయాణించేవాళ్లతో మళ్లీ పరీక్ష చేస్తే తప్ప నమూనా ముందుకి కదలదని నివేదిక మీదే రాసి, సంతకం పెట్టి లేచారు. టీ మాత్రం పూర్తిగా తాగి వెళ్లారు.

సోమవారం హఫీజ్‌పేట్‌లో భూలక్ష్మి ఎక్కలేదు. ఆఫీసులో మా అంతస్తు ఎవరో కొత్తమ్మాయి తుడుస్తోంది. హౌస్‌కీపింగ్ ఏజెన్సీ సూపర్‌వైజర్ రవీందర్‌ని పట్టుకుని నిలదీశాను.

"తీసెయ్యలేదు మేడమ్, సైట్ మార్చినం అంతే. గెస్టుల ముంగట మాట్లాడిందని పైనుంచి ఫోనొచ్చింది. ఇప్పుడు కోకాపేట దాటినంక ఒక బిల్డింగుల ఏసినం."

"అక్కడికి రైలే లేదు కదండీ! హఫీజ్‌పేట్ నుంచి ఆమె ఎలా వస్తుంది?"

"రెండాటోలు మారుతది మేడమ్. అందరొస్తలేరా?"

విసవిసా రవికిరణ్ గదిలోకి వెళ్లాను. అది ఏజెన్సీ వాళ్ల అంతర్గత విషయమట, మనం జోక్యం చేసుకోకూడదట. నన్ను కూర్చోమన్నాడు. నా నిజాయితీ కమిటీ ముందు కంపెనీకి మంచి పేరే తెచ్చిందట, ఆ సంగతి అందరికీ మెయిల్ కూడా పెట్టించాడట. అబద్ధానికి సంతకం పెట్టి, ఇంకొకరు నిలదీస్తే నోరు తెరిచిన నాకు మెచ్చుకోలు! నోరు తెరిపించిన మనిషికి రెండాటోలు!

"అన్నట్టు, వచ్చే ఆదివారం కొత్త ట్రయల్. ఆ లేడీస్‌ని మళ్లీ పిలువు. ఆ భూలక్ష్మిని కూడా రమ్మను. ఫోటోల్లో బాగుంటుంది."

"సిగ్గుందాండీ మీకు?" అన్నాను.

నా నోట ఆ మాట వస్తుందని నేనూ అనుకోలేదు. తలుపు తెరిచే ఉంది, బయట ఉన్నవాళ్లంతా విన్నారు. సీటుకి వచ్చి, జరిగిందంతా, సైట్ మార్పుతో సహా రాసి నాగేశ్వరి గారికి పంపాను. ఇది కూడా మీ పుస్తకంలో రాసుకోండి అన్నాను. ఆ ఉత్తరం వల్ల నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ పూటకి తెలియదు.

సాయంత్రం భూలక్ష్మికి ఫోన్ చేశాను. వెనకాల ఆటో మోత వినబడుతోంది.

"నా వల్లే ఇదంతా భూలక్ష్మమ్మా. మిమ్మల్ని మళ్లీ ఇక్కడికే తెప్పిస్తాను, ఊరుకోను."

"తెప్పిస్తె తెప్పియ్యి బిడ్డా. జర జల్దిన తెప్పియ్యి, ఆటోల ఎక్కుడు దిగుడుకు మోకాలు వాచింది." కాస్త ఆగి అడిగింది. "తలుపు కాడ జాగ ఇచ్చిండ్రా?"

"ఇచ్చారు. పన్నెండడుగులు."

"నిజంగ? కాయితం మీద రాసిండ్రా, నోటి మాటనా?"

"కాగితం మీదే."

"ఎవరు దస్కతు పెట్టిండ్రు?"

"నేను కాదు. నాగేశ్వరి గారు."

"అయితె ఫికర్ లేదు" అంది భూలక్ష్మి.