ముగ్గురు చూస్తున్న గది

పొద్దున్న ఏడున్నరకల్లా ఆ ఇంటి వంటగదిలో పొయ్యి ఆరిపోతుంది. మూతలు బిగించిన రెండు అన్నం డబ్బాలు బల్ల మీద ఉంటాయి. ఒకటి ఇంటాయనది. ఆయన అట్టల మిల్లులో బాయిలర్ చూసుకుంటాడు. రెండోది ఆయన భార్యది. ఆవిడ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఒక వరుస మిషన్లకు సూపర్‌వైజరు. కాలేజీలో చదివే కూతురు ఒకతె. చిన్నప్పుడు ఒకచోట నిలవకుండా తిరిగేదని అందరూ పిట్ట అనేవారు. ఇప్పుడు సోఫా దిగదు గానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

నాలుగో మనిషి వెనక గదిలో ఉంటుంది. ఇంటాయనకు అక్క. తల్లి పోయేనాటికి ఆయనకు ఆరేళ్ళు, ఆమెకు పదహారు. పెంచి పెద్ద చేసింది ఆమే. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది. పట్టుకుని లేపితే కుర్చీలో కూర్చుంటుంది. ఎడమ చేత్తో గ్లాసు అందుకుని తాగుతుంది. అంతవరకే.

మొదట్లో సెలవులు పెట్టుకుని, వంతులు వేసుకుని ఎవరో ఒకరు ఇంట్లో ఉండేవారు. గంటకోసారి ఆ గదిలోకి వెళ్ళేవారు. వెళ్ళినవాళ్ళు ఊరికే తిరిగి రాలేరు. దిండు సర్దాలి, కిటికీ రెక్క జరపాలి. ఆమె ఒక మాట మొదలుపెడితే అది పూర్తయ్యేసరికి పావుగంట. ఎవరికీ ఆమె మీద విసుగు లేదు. ఎవరి పనులు వాళ్ళకు ఆగిపోయేవి, అంతే. అప్పుడు పిట్ట ఒక ఉపాయం చెప్పింది. వెనక గది గోడకు గుప్పెడంత కెమెరా బిగించారు. ముగ్గురి ఫోన్లలోనూ ఆ గది కనపడేలా పిట్టే అమర్చింది.

"అత్తా, ఇకనుంచి నువ్వు ఎప్పుడూ మా కళ్ళముందే ఉంటావు."

ఆమె గోడ వైపు చూసింది. "అయితే తల గోక్కోవాలన్నా మీ ముగ్గురికీ చెప్పే గోక్కోవాలన్నమాట."

"నువ్వు గోక్కో అక్కా, మేం చూడనట్టు ఉంటాం," అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు.

ముగ్గురూ ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నారు. గది చూసినవాళ్ళు అందులో ఒక బొటనవేలు గుర్తు పెట్టాలి. ఇది భార్య ఆలోచన. ఫ్యాక్టరీలో చొక్కా తనిఖీ చేసిన మనిషి చీటీ మీద టిక్కు పెడుతుంది కదా, అలాగ. ఒకరు మరిచిపోయినా ఇంకొకరు చూస్తారు.

ఇందులో తప్పేముందని చదివేవారు అడగవచ్చు. మొదట ఏమీ లేదు. ఫోనులో చూసి, మళ్ళీ గదిలోకి వెళ్ళి కూడా చూసేవారు. తర్వాత ఫోనులో చూశాం కదా అని ఒక్కో పూట మానేశారు. హాల్లో టీవీ మోతకు అక్కకు నిద్ర పట్టడం లేదని తలుపు దగ్గరగా వేశారు. కొన్నాళ్ళకు అక్క దగ్గు టీవీకి అడ్డం వస్తోందని అదే తలుపు పూర్తిగా మూశారు. నాలుగు నెలలు తిరిగేసరికి లేపడానికి, తినిపించడానికి, పడుకోబెట్టడానికి తప్ప ఆ గడప ఎవరూ తొక్కడం లేదు. గ్రూపులో మాత్రం రోజుకు నలభై బొటనవేళ్ళు పడుతున్నాయి.

ఆ రోజు పిట్టకు కాలేజీ లేదు. తండ్రి బయలుదేరేముందు అక్కను లేపి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. పొద్దుటి ఎండ ఆమె పాదాల మీద పడుతోంది. నీళ్ళ గ్లాసు స్టూలు మీద పెట్టాడు.

"ఇవాళ పిట్ట ఇంట్లోనే ఉంటుంది. ఏమైనా కావాలంటే పిలు."

"దాని చెవుల్లో ఎప్పుడూ ఏవో ఉంటాయిరా. పిలిస్తే ఏం వినపడుతుంది?"

"వినపడకపోయినా కనపడతావుగా," అని తలుపు మూసి వెళ్ళిపోయాడు.

తొమ్మిది గంటల నలభై రెండు నిమిషాలకు కెమెరా బొమ్మ ఆగిపోయింది. హాల్లో పిట్ట టీవీలో ఏదో పెద్దది పెట్టింది, నెట్టంతా దానికే పోయింది. ఫోన్లలో గది కనపడుతూనే ఉంది, కాని కదలడం లేదు. ఆ క్షణాన ఆమె తల కొంచెం వంచి, రెప్ప వేసింది. కళ్ళు మూసుకుని హాయిగా కూర్చున్నట్టు బొమ్మ నిలిచిపోయింది. మూలన చీమ తలకాయంత అంకెల్లో టైము కూడా అక్కడే ఆగింది. ఆ అంకెలు ఎవరూ చదవరు.

పదింబావుకు ఆమె నీళ్ళ కోసం చెయ్యి చాచింది. గ్లాసు జారింది. పట్టుకోబోయి ముందుకు వంగింది. కుర్చీ పక్కకు ఒరిగింది. మంచానికీ గోడకూ మధ్య ఆమె కింద పడింది. తుంటి దగ్గర ఏదో విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది.

"పిట్టా," అని పిలిచింది.

ఆ గది నుంచి సోఫాకు పన్నెండు అడుగులు, మధ్యలో ఒక తలుపు. పిట్ట చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. నవ్వుల సీరియల్లో మూడో భాగం అయిపోయి నాలుగోది దానంతటదే మొదలైంది.

పదీ ఇరవైకి భార్య ఫ్యాక్టరీ నుంచి బొటనవేలు పెట్టింది. పదీ నలభైకి భర్త. పదకొండుకు పిట్ట. పదకొండున్నరకు మళ్ళీ భార్య, పక్కన ఒక మాట కూడా రాసింది: "వదిన ఇవాళ ప్రశాంతంగా ఉంది." దానికి భర్త బొటనవేలు. దానికి పిట్ట బొటనవేలు.

ఒంటిగంటకు పిట్టకు అత్తకు అన్నం పెట్టాలన్న సంగతి గుర్తొచ్చింది. ఫోను తీసి చూసింది. "అత్త నిద్రపోతోంది. లేచాక పెడతా," అని రాసింది.

"పాపం పడుకోనీ," అని తల్లి జవాబు రాసింది.

మిల్లులో ఒంటిగంటన్నరకు ఇంటాయన బాయిలర్ ముందు నిలబడ్డాడు. లోపల నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూపించడానికి బాయిలర్‌కు పక్కన గాజు గొట్టం ఉంటుంది. ఆయన రెండు గంటలకోసారి ఆ గొట్టం కింది కొళాయి తిప్పి, నీళ్ళు మొత్తం వదిలేసి, మళ్ళీ మూస్తాడు. లోపలి నుంచి నీళ్ళు చప్పున పైకి లేవాలి. ఆ రోజు పక్కన పొయ్యిలో ఊక వేసే సహాయకుడు ఉన్నాడు. అదేపనిగా బీడీలు తాగుతాడని అతన్ని పొగబండి అంటారు.

"గురువుగారూ, నీళ్ళు సగానికి కనపడుతూనే ఉన్నాయిగా. ఊరికే వదిలేసి మళ్ళీ నింపుకోవడమెందుకు? ఒంట్లో బలం ఎక్కువైందా?"

"కనపడితే చాలదోయ్. దారి పూడుకుపోతే పాత నీళ్ళు గాజులో అలాగే నిలిచిపోతాయి. లోపల బాయిలర్ ఎండిపోయినా ఇక్కడ సగం చూపిస్తుంది. కదిలించినప్పుడు కదలాలి. కదలకుండా ఒకేలా ఉన్నదాన్ని నమ్మకూడదు."

చెప్పడం అయిపోయింది. ఆయన చెయ్యి కొళాయి మీదే ఉంది.

చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. తల కొంచెం వంచి ఉంది. ఆమె పాదాల మీద ఎండ పడుతోంది.

ఆ కిటికీ తూర్పువైపుది. పదకొండు దాటితే ఆ గదిలోకి ఎండ రాదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నవాడికి అది ఎవరూ చెప్పక్కర్లేదు.

పిట్టకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. గ్రూపులో రాశాడు: "అత్త గదిలోకి వెళ్ళు." అర నిమిషంలో పిట్ట నుంచి బొటనవేలు వచ్చింది. మూడు నిమిషాలు ఆగాడు. బొమ్మ మారలేదు. మళ్ళీ రాశాడు. మళ్ళీ బొటనవేలే.

"ఏమైంది?" అన్నాడు పొగబండి. అతని నోట్లో బీడీ ఆరిపోయింది.

"నేను ఇంటికి పోవాలి. బాయిలర్ నీ చేతిలో పెడుతున్నాను. బాయిలర్ చూసే సర్టిఫికెట్ మొన్ననే వచ్చింది కదా నీకు."

"వెళ్ళండి. నీళ్ళ గొట్టం దగ్గర్నుంచి కదలను. వెళ్ళండి గురువుగారూ."

బండి మీద ఇంటికి పన్నెండు నిమిషాలు. దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆయన ఫోను తీసి చూశాడు. ప్రతిసారీ అక్క అలాగే కూర్చుని ఉంది.

హాల్లో పిట్ట సోఫా మీద కాళ్ళు ముడుచుకుని నవ్వుతోంది. తండ్రిని చూసి హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించింది.

"ఏంటి నాన్నా, ఇప్పుడొచ్చారు?"

"అత్త గదిలోకి వెళ్ళావా?"

"చూశాగా. రెండుసార్లు చూశా. నిద్రపోతోంది. ఇదిగో," అని లేచి ఫోను చూపించబోయింది.

ఆయన తలుపు తీశాడు.

కుర్చీ పక్కకు ఒరిగి ఉంది. నేల మీద నీళ్ళు ఆరిపోయి మరక మిగిలింది. మంచానికీ గోడకూ మధ్య అక్క పడి ఉంది. పెదవులు పాలిపోయాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, గోడ మీదికి చూస్తున్నాయి. ఆయన మోకాళ్ళ మీద కూలబడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. ఊపిరి ఆడుతోంది.

గుమ్మంలో పిట్ట నిలబడిపోయింది. దాని చేతిలో ఫోను ఉంది. ఫోనులో అత్త కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఎండ కాచుకుంటోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తుంటి ఎముక విరిగిందని చెప్పింది. "ఎప్పుడు పడింది?" అని అడిగింది. ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకొచ్చిన భార్య, "పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నామండీ, ముగ్గురం చూస్తూనే ఉన్నాం," అంది. డాక్టరమ్మ కాగితం మీద ఆ చోట ఖాళీ వదిలేసింది.

ఆపరేషన్ అయ్యాక మూడో రోజుకు ఆమెకు కాస్త మాట వచ్చింది. తమ్ముడు మంచం పక్కన కూర్చున్నాడు. తల్లీ కూతుళ్ళు కాళ్ళవైపు నిలబడ్డారు.

"చాలాసేపు పిలిచావా అక్కా?"

"పిలిచింది కాసేపే. గొంతు పోయింది. తర్వాత చెయ్యి ఊపాను."

"ఎవరికి?"

"మీకేరా. గోడ మీద ఆ కెమెరా దీపం వెలుగుతూనే ఉంది కదా. ఈ చెయ్యి ఎత్తి ఊపాను. నొప్పి పుడితే దించాను. మళ్ళీ ఊపాను."

ఆమె ఎడమ చెయ్యి దుప్పటి మీద కొంచెం లేచి పడింది.

"ముగ్గురూ చూస్తున్నారు కదా అనుకున్నాను. చూసి కూడా ఎవరూ రావడం లేదంటే, ఇక నా చాకిరీ మీ వల్ల కావడం లేదేమో అనుకున్నాను. పోనీలే, వాళ్ళు మాత్రం ఎన్నాళ్ళని చేస్తారు అనుకున్నాను."

"బొమ్మ ఆగిపోయింది అత్తా," అంది పిట్ట. "మాకు తెలీదు. నిజంగా తెలీదు."

"నాకూ తెలీదుగా అమ్మా," అంది ఆమె. అని మొహం పక్కకు తిప్పుకుంది.

ఎముక అతుక్కుంటుందని డాక్టరమ్మ చెప్పింది. చల్లటి గచ్చు మీద పడి, నా వాళ్ళే నన్ను వద్దనుకున్నారని ఆమె నమ్మిన ఆ మూడున్నర గంటల బాధకు మందు ఏమిటో చెప్పలేదు.

బయట బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. భార్య అడిగింది.

"ఆ కెమెరా తీసేద్దామా?"

"తీసినా ఉంచినా దానిదేం లేదు," అన్నాడాయన. తక్కువ మాట్లాడే మనిషి, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు మాట్లాడాడు. "మనలో చెడ్డవాళ్ళెవరూ లేరు. రోజుకు నలభైసార్లు చూశాం. ఈ నాలుగు నెలల్లో అక్కతో కూర్చుని ఎన్నిసార్లు మాట్లాడానా అని ఇందాక గుర్తు చేసుకోబోయాను. ఒక్క చేతి వేళ్ళు కూడా నిండలేదు. చూడటం తేలికైంది కాబట్టి వెళ్ళడం మానేశాం. ఒకరు చూస్తున్నారులే అని ఇంకొకరం ధైర్యంగా ఉన్నాం. పిట్టా, నువ్వూ మీ అమ్మా ఇద్దరూ వినండి. ఇంట్లో మనిషిని చూసుకోవడమంటే లేచి ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, పేరు పెట్టి పలకరించి, జవాబు వచ్చేదాకా అక్కడ నిలబడటం."